స్నేక్ ప్లాంట్ మొదళ్లు మెత్తబడుతున్నాయి, మట్టి మార్చాలా?

ప్రశ్న: షేడ్‌నెట్ కింద రెండు వందల దాకా స్నేక్ ప్లాంట్ కుండీలు పెంచుతున్నాను సార్. పొలంలోని బంకమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు సగం సగం కలిపి నింపాను. నీళ్లు దిగడానికి అడుగున గులకరాళ్లు కూడా వేశాను. రెండు నెలలు బాగానే ఉన్నాయి. ఇప్పుడు కొన్నింటిలో ఆకుల మొదళ్లు పసుపుపచ్చగా మారి, మెత్తబడి, పక్కకు వాలిపోతున్నాయి. నీళ్లు మూడు రోజులకోసారే పోస్తున్నాను. ఎరువు చాలడం లేదా? ఏ మట్టి వాడితే మంచిది?
– ఒక రైతు

జవాబు: ఎరువు చాలకపోవడం కాదండీ, ఎక్కువైంది. దాంతోపాటు తడి కూడా. వాలిపోయిన మొక్కను ఒకదాన్ని కుండీ నుంచి బయటికి తీసి చూడండి. ఆరోగ్యంగా ఉన్న దుంప వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది. వేర్లు తెల్లగానో, కాస్త నారింజ రంగులోనో కనిపిస్తాయి. మీ మొక్కల్లో దుంప గోధుమరంగుకు తిరిగి, వేరు పట్టి లాగితే పైపొర ఊడి చేతికొచ్చి, కుళ్లు వాసన వస్తుంటే అది వేరుకుళ్లే. పిథియం వంటి, శిలీంధ్రాలను పోలిన సూక్ష్మజీవులూ, మెత్తకుళ్లు తెచ్చే బ్యాక్టీరియా కూడా గాలి ఆడని తడిమట్టిలో బాగా పెరుగుతాయి.

ఈ మొక్క సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా. ఆకుల్లోనూ దుంపలోనూ నీళ్లు దాచుకుంటుంది. చాలా మొక్కల్లా పగలు కాకుండా రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు చాలా తక్కువ. టమాటా మొక్క ఉన్న కుండీలో మొక్కే నీళ్లు తాగేసి మట్టిని ఆరబెడుతుంది. స్నేక్ ప్లాంట్ ఆ పని చేయదు. మట్టి తనంతట తానే ఆరాలి. అందుకే దీనికి మట్టి ఎంచుకునేటప్పుడు బలం సంగతి తర్వాత చూడొచ్చు, ముందు అది ఎన్నాళ్లకు ఆరుతుందో చూడాలి. బంకమట్టి రేణువులు 0.002 మిల్లీమీటరు కంటే చిన్నవి. వాటి మధ్య సందుల్లోకి చేరిన నీరు అంత తేలిగ్గా వదలదు. పైన రెండంగుళాలు ఎండి బీటలు వారినా లోపల జిగటగానే ఉంటుంది. మూడు రోజులకోసారి అంటే మీకు తక్కువగా అనిపిస్తోంది గానీ, ఆ మట్టికి అది రోజూ పోసినట్టే.

ఇక గులకరాళ్లు. చదువుకునే రోజుల్లో నేనూ ఈ సలహా ఇచ్చినవాణ్ణే! సన్నటి మట్టి కింద పెద్ద రాళ్లు ఉంటే, పై మట్టి పూర్తిగా నానే దాకా నీళ్లు రాళ్లలోకి దిగవు. పీల్చుకున్న స్పాంజి లాగా మట్టే పట్టుకుని ఉంటుంది. అంటే కుండీ అడుగున ఉండాల్సిన తడిపొరను రాళ్లు వేర్ల దగ్గరికి ఎత్తినట్టవుతుంది. ఆ రాళ్లు తీసేసి, రంధ్రం మీద మట్టి జారకుండా చిన్న వల ముక్క వేస్తే చాలు.

కొత్త మిశ్రమం పది పాళ్లు అనుకుంటే ఇలా కలపండి: ముతక ఇసుక లేదా పెర్లైట్ (నర్సరీల్లో వాడే తేలికైన తెల్లటి రాతి గుళికలు) నాలుగు పాళ్లు, జిగట లేని తోటమట్టి మూడు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) రెండు, వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) ఒకటి. ఇందులో తేడా వచ్చేది ఇసుక దగ్గరే. రేణువు ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండాలి. సన్న ఇసుక వేస్తే మట్టి సందుల్లో ఇరుక్కుని మొత్తం సిమెంటు ముద్దలా గట్టిపడుతుంది. అలాంటిది కలపడం కంటే మానేయడమే మేలు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, వద్దు. ఇసుక దొరక్కపోతే ఇటుకలు కొట్టి, పొడి జల్లించేసి, శనగగింజంత ముక్కలు వాడండి. పెర్లైట్ మంచిదే కానీ తేలిక. నిలువుగా పెరిగిన మొక్క గాలికి కుండీతో సహా పడిపోతుంది. నీళ్లు పోసినప్పుడల్లా పెర్లైట్ పైకి తేలుతుంది కూడా. మీకు కుండీలు అటూ ఇటూ మోసే పని ఎక్కువుంటే సగం పెర్లైట్, సగం ఇసుక చేసుకోండి.

కోకోపీట్‌ను రెండుసార్లు కడిగి పిండితే అందులోని ఉప్పు పోతుంది. రెండు పాళ్లు దాటనివ్వకండి. మట్టి ఉదజని సూచిక (pH, అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) 5.5 నుంచి 7.5 మధ్య ఎంత ఉన్నా మొక్కకు పట్టింపు లేదు, దాని గురించి టెన్షన్ పడొద్దు.

రెండు వందల కుండీలూ ఒకేసారి మార్చేయకండి. ముందు ఒక కుండీ నింపి నిండా నీళ్లు పోయండి. నిమిషంలోపు అడుగు రంధ్రం నుంచి ధార రావాలి. మర్నాడు ఆ మట్టిని పిడికిట పట్టి వదిలితే ముద్ద వేలితో తాకగానే విడిపోవాలి. ముద్ద అలాగే నిలబడితే ఇంకో పాలు ఇసుక కలపండి. నాటాక వారానికి వెదురుపుల్లను అడుగుదాకా గుచ్చి తీయండి. తడి మట్టి అంటుకుని వస్తే ఇంకా నీళ్లు వద్దు. పొడిగా వచ్చాకే పోయండి. కుండీ మరీ పెద్దది కాకూడదు, దుబ్బు చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ చాలు.

దెబ్బతిన్న మొక్కల్లో మెత్తటి భాగాన్ని గట్టి కండ కనిపించే దాకా కోసేయండి. ఒక్కో మొక్కకూ కత్తిని స్పిరిటుతో తుడవండి. కోసిన దుంపను నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి, చర్మంలా పొర కట్టాక నాటి, వారం పాటు నీళ్లు పోయకండి. దుంప అంతా పోయి ఆకు పైభాగం గట్టిగా ఉంటే, ఏడెనిమిది సెంటీమీటర్ల ముక్కలు కోసి, కింది వైపు కిందకే ఉండేలా గుచ్చితే వేర్లు వస్తాయి. పసుపు అంచున్న రకాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, పిల్లలు అంచు లేకుండా పచ్చగా వస్తాయి. అమ్మేవైతే వాటిని దుంప చీల్చే పెంచండి.

తీసేసిన పాత మట్టిని అల్లం, పసుపు వేసే మడిలో పోయకండి. పిథియం వాటి దుంపలనూ కుళ్లబెడుతుంది.