పోడులో వరి నాట్లు వేస్తారా?

సందేహం: పాడేరు వైపు కొండల్లో వరి సాగు గురించి రాస్తూ "పోడులో వరి నాట్లు వేశారు" అన్నాను, అక్కడి ఫ్రెండు నవ్వి "పోడులో నాట్లేంటి, ఎదలు కదా" అన్నాడు. ఎద అంటే గుండె కదా మాస్టారూ?

సమాధానం: మీ ఫ్రెండు నవ్వడంలో న్యాయం ఉందండీ. నాటు వెయ్యాలంటే ముందు ఆకుమడిలో నారు పొయ్యాలి, పెరిగాక పీకి, నీళ్లు నిలిచిన మడిలో గుచ్చాలి. పోడు సంగతి అలా కాదు, కొండవాలు మీద చెట్లూ తుప్పలూ నరికి ఎండబెట్టి, వానలకి ముందు కాల్చి, ఆ బూడిదలో సామలు, చోళ్లు (రాగులు), కందులతో పాటు మెట్టవరి కూడా చల్లుతారు, వాలులో నీళ్లు నిలవవు కాబట్టి నాట్లనే మాటే రాదు. అదే కొండ కింద గెడ్డ (వాగు) పక్కన మెట్లుమెట్లుగా గట్లు వేసిన మడులుంటాయి చూడండి, అక్కడైతే మీ వాక్యం భేషుగ్గా ఉంటుంది. అంటే ఒకే ఊళ్లో పైన చల్లడం, కింద నాటడం. క్రియ చూసి అది ఏ నేలో చెప్పెయ్యొచ్చు.

ఇక ఎద. ఇది గుండె ఎద కాదు, వెద. విత్తనాలు చల్లడమని అర్థం, మనం రోజూ వాడే "వెదజల్లు"లో ఉన్నది ఇదే. వెదురుబొంగుని ఎదురుబొంగు అన్నట్టే నోట్లో వకారం జారిపోయింది, అంతే. శ్రీకాకుళం వైపు "ఎదలు" అంటే చల్లడం, "ఉభాలు" అంటే నాట్లు, రెండూ బహువచనమే. గోదావరి వైపు ఊడ్పులు, తెలంగాణలో నాట్లు. పొలం ఊడ్చారంటే చీపురు పట్టుకున్నారనుకునే పిల్లలు ఇప్పుడు సిటీల్లో చాలామందే ఉన్నారు లెండి.

మీరు అడగకపోయినా ఇంకోటి. మీరు రాసినదాంట్లో ఇంకోచోట "వరి చల్లారు" అని కూడా ఉంది, తప్పనను గానీ చేతిలో ఉన్నప్పుడు అవి వడ్లు, మొలిచి నిలబడ్డాకే వరి. గోండుల భాష గోండీలో వరిని వంజి అంటారు, మన వరికి చుట్టం.

ఫ్రెండు ఈసారి "కొత్తలకి రండి" అని పిలిస్తే, కొత్త ఏంటి అని మళ్లీ అడక్కండి, అక్కడ అది విశేషణం కాదు, పండగ పేరు. కొత్త పంట దేవతకి పెట్టకుండా నోట పెట్టుకోరు, అందుకే కొర్రకొత్త, కందికొత్త అని పంటకో పేరు.