ఓటు ఫారం చేతికిచ్చే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

అమెరికాలో ఇండియానా రాష్ట్రపు ఇండియానాపొలిస్ దక్షిణ భాగంలో, బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన చిన్ జాతివారి చర్చిలలో ఓటరు నమోదుకు సాయపడబోతున్నావని విని సంతోషించాను. రంగూన్‌లో కూలి చేసుకుంటూ 1942లో ప్రాణాలు అరచేత పట్టుకుని తిరిగివచ్చిన మా తాతగారి వల్ల బర్మావాళ్లంటే నాకు ఏదో చుట్టరికం ఉన్నట్టే ఉంటుంది. ఆ చనువుతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎదుటి మనిషికి పౌరసత్వం వచ్చిందో లేదో తేల్చుకోకుండా ఫారం ఇవ్వకు. శరణార్థులు ఏడాది నిండాక గ్రీన్‌కార్డుకూ, సాధారణంగా ఐదేళ్లకు పౌరసత్వానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే పన్నులు కట్టి, ఇల్లు కొని, పిల్లలను కాలేజీకి పంపినవారిలో కొందరు గ్రీన్‌కార్డుతోనే పౌరులమయ్యామని నమ్ముతారు. ఈ పనిలో నా మొదటి ఆదివారమే, హడావిడిలో, అలాంటి పెద్దాయన ఒకరు సంతకం పెట్టబోతూ జేబులోంచి కార్డు తీసి చూపేసరికి నాకు చెమటలు పట్టాయి. పౌరుణ్ణని తప్పుగా రాసిస్తే దేశం నుంచి పంపేసే దాకా పోవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులోనూ ఓటరుగా చేరతారా అని అడుగుతారు; అర్థం కాకపోయినా తలూపే అలవాటు మనకెంత ఉందో వాళ్లకూ అంతే ఉంది కనుక ముందే చెప్పి ఉంచు.

తరువాతి చిక్కు పేరు. బర్మా పద్ధతిలో ఇంటిపేరు ఉండదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన బర్మా మనిషి ఊ థాంట్ పేరులోని 'ఊ' మన 'గారు' వంటిదే. ఇక్కడి గుమాస్తా దానినే మొదటి పేరుగా ఎక్కిస్తాడు, మరో కాగితంలో చివరి ముక్క ఇంటిపేరవుతుంది. ఇండియానాలో పోలింగు వద్ద ఫొటో గుర్తింపు కార్డు చూపాలి కనుక లైసెన్సునూ ఫారాన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడు.

చిన్‌లు మాట్లాడే హాఖా, ఫలాం, తెదిమ్ వేరువేరు భాషలు, బర్మీస్ కరపత్రం ఒక్కటే సరిపోదు. చదవలేనివారు తమకు నచ్చిన మనిషిని బూత్‌లోకి తోడు తీసుకువెళ్లవచ్చని సమాఖ్య చట్టం చెబుతోంది. ఆ మనిషి ఓటరు పనిచేసేచోటి యజమాని గానీ, యజమాని తరఫువాడు గానీ, ఓటరు ఉన్న యూనియన్ ప్రతినిధి గానీ కాకూడదు.

"వేస్తే ఏమొస్తుంది?" అన్నవారితో వాదించకు. బర్మాలో 1990 ఎన్నికల్లో గెలిచినవారికి అధికారం అప్పగించలేదు, 2020 ఎన్నికల ఫలితాన్ని 2021 ఫిబ్రవరి 1న సైన్యం తుడిచిపెట్టింది. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. వాళ్ల పిల్లల బడి సంగతి ఎత్తు. స్కూలు బోర్డు సభ్యులను ఎన్నుకునేది కూడా నవంబరు బ్యాలెట్‌లోనే.

నమోదు ఎన్నికకు 29 రోజుల ముందే ముగుస్తుంది కనుక ఆగస్టులోనే మొదలుపెట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న