ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2017 క్యూ7 కొనవచ్చా?

మీరు చెప్పిన బండి 2017 ఆడి క్యూ7 డీజిల్, హైదరాబాద్ డీలరు దగ్గర కొత్త ఇన్నోవా కన్నా తక్కువకే దొరుకుతోంది. ధర పడిపోయింది బండికే, విడిభాగాలకు కాదు. కొత్తప్పుడు డెబ్బై లక్షలు దాటిన కారు పాతికకు వచ్చినా, దాని ఎయిర్ సస్పెన్షన్ (ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి నింపిన స్ప్రింగుల మీద బండిని నిలిపే ఏర్పాటు) మరమ్మతు బిల్లు మాత్రం డెబ్బై లక్షల కారుకు తగ్గట్టే వస్తుంది.

నేను నడుపుతున్నదీ పాతదిగా కొన్న ఏడు సీట్ల జర్మన్ డీజిలే. కొనే ముందు ఒక డీలరుకు, బండిని రాత్రంతా కదపవద్దని, చల్లటి ఇంజను స్టార్ట్ చేసేటప్పుడే లోపాలు బయటపడతాయి కాబట్టి నేనే స్టార్ట్ చేస్తానని చెప్పాను. తెల్లవారగానే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. "పార్కింగ్ మార్చాం సార్" అన్నాడు. ఆ బేరం అక్కడితో సరి! పక్కనే ఉన్న మరో బండి వెనుక ఎడమ మూల చక్రం మీదికి కుంగి ఉంది. ఎయిర్ స్ప్రింగ్ నుంచి గాలి పోతోందన్నమాట. ఇంజను ఆన్ చేస్తే, గాలి నింపే కంప్రెసర్ బండిని లేపి నిలబెడుతుంది కాబట్టి మధ్యాహ్నం వెళ్లేవారికి ఈ సంగతి తెలియదు. దాన్ని అలాగే వదిలేస్తే కంప్రెసర్ అదే పనిగా తిరిగి అదీ పాడవుతుంది. అందుకే చూడటానికి పొద్దున్నే వెళ్లండి.

మీటరు చూపే కిలోమీటర్లను నమ్మకండి. ఛాసిస్ నంబరుతో కంపెనీ సర్వీస్ చరిత్ర తెప్పించుకోండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చనక్కర్లేదని చెప్పేవారుంటారు. ఆ గేర్‌బాక్స్‌ను తయారుచేసే జడ్ఎఫ్ సంస్థే 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటోంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. నీట మునిగిన బండిని ఎంత కడిగినా లోపల చుట్టుకున్న భాగంలో బురద చార మిగిలే అవకాశం ఎక్కువ.

ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్), 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక ఢిల్లీ బండ్లు చవకగా దక్షిణాదికి రావడం మొదలైంది. చవకని మురిసిపోయే ముందు ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేయండి.

నా మట్టుకు, ధరలో ఐదో వంతు మొదటి ఏడాది మరమ్మతులకు పక్కన పెట్టగలిగితేనే కొనమంటాను. లేకపోతే ఇన్నోవా హాయి. క్యూ7 మూడో వరుసలో ఎలాగూ పిల్లలే సౌకర్యంగా కూర్చోగలరు. కొనాలనే నిర్ణయించుకుంటే, ఢిల్లీ రవాణా శాఖ ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) చేతికి వచ్చేదాకా అడ్వాన్సు మించి ఒక్క రూపాయి ఇవ్వకండి.