ఎలుకలకు కూడా వయసు మీదపడితే గొంతు మారుతుందా?

మారుతుంది. ముసలిదైన మీ పెంపుడు ఎలుక మునుపటిలా కూతలు పెడుతోందా లేదా అని అడిగారు కదా, పీహెచ్‌డీ రోజుల్లో ల్యాబ్ ఎలుకల కూతలు రికార్డు చేసిన అనుభవంతో చెప్తున్నాను.

మన చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకు 20 వేల కంపనాలు) దాటితే వినదు. ఎలుకల మాటలు ఎక్కువగా ఆ పైనే నడుస్తాయి. భయం వేస్తే 22 దగ్గర సాగదీసిన కూత, ఆటలోనో తోడు దొరికినప్పుడో 50 చుట్టుపక్కల గబగబా చిన్న కూతలు. తల్లికి దూరమైన ఎలుక పిల్ల 40 దగ్గర ఏడుస్తుంది. బొచ్చు వచ్చి, కళ్లు తెరిచి, ఒంటి వేడి తనే కాపాడుకునే వయసొచ్చేసరికి ఆ ఏడుపు తగ్గిపోతుంది.

ఎలుక మనకు వినపడేలా కీచుమన్నప్పుడు దాని స్వరతంతువులు మనవాటిలాగే కంపిస్తాయి. మన చెవికందని ఈ అల్ట్రాసౌండ్ కూత మాత్రం ఒక రకం ఈల. స్వరపేటికలో సన్నని సందు మిగిల్చి, అందులోంచి గాలిని దూకిస్తుంది. హీలియం కలిసిన గాలి పీల్చిన ఎలుక కూత ఇంకా పైస్థాయికి వెళ్లడం చూసే దీన్ని ఈల అని తేల్చారు; తంతువుల కంపన వేగం హీలియంలో పెద్దగా మారదు, ఈల స్థాయి మాత్రం మారుతుంది. అంటే ఆ సందును బిగించి పట్టే చిన్న కండరాలు, వాటిని నడిపే నరాలు గట్టిగా ఉండాలి.

వయసు దెబ్బ పడేది సరిగ్గా అక్కడే. వయసులో ఉన్న మగ ఎలుక బోనులో ఆడ ఎలుకను కాసేపు ఉంచి తీసేస్తే, ఆ మగది కూతల మీద కూతలు పెడుతుంది. రికార్డు చేసిన కూతలను కంప్యూటర్ గీతలుగా చూపిస్తుంది; స్క్రీన్ మీద ఆ గీతలు ముదురుగా, వంకర్లు తిరుగుతూ పైకీ కిందికీ పరుగెత్తుతాయి. రెండున్నరేళ్ల ముసలిదీ కూస్తుంది, కానీ గీత పలచబడి, పెద్దగా పైకీ కిందికీ పోకుండా దాదాపు అడ్డంగా సాగుతుంది. నాకైతే అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది.

అయితే ఇది ఇంతేలే అని వదిలేసేది కాదు. 2013లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన పనిలో ముసలి ఎలుకలకు 8 వారాలు ఎక్కువగా కూసేలా శిక్షణ ఇచ్చారు. కూతల బలం తగ్గకుండా నిలిచింది, స్వరపేటికలో నరం కండరాన్ని కలిసే చోట వయసు తెచ్చే మార్పులు కూడా కొంత తగ్గాయి. పెద్దవాళ్ల గొంతు సన్నబడితే స్పీచ్ థెరపిస్టులు చేయించే సాధన ఎందుకు పనిచేస్తుందో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

మీ ఎలుక విషయానికొస్తే, గబ్బిలాల కూతలను మన చెవికి వినపడే స్థాయికి దించే బ్యాట్ డిటెక్టర్ అనే పరికరం ఉంటే దాని కూతలు వినొచ్చు. కానీ ఊపిరి తీసేటప్పుడు గురగురమన్నా, మాటిమాటికీ తుమ్ముతున్నా వయసు అనుకోకండి. పెంపుడు ఎలుకలకు ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు చాలా మామూలు, వెంటనే వెటర్నరీ డాక్టరుకు చూపించండి.