పాముల్ని ఉండనిస్తానన్న నీకు

అమ్మలూ,

పొలంలో ఎలకల మందు పెట్టేది లేదు, పాముల్ని కొట్టేది లేదు అని పనివాళ్లకు గట్టిగా చెప్పేశావట. మీ అమ్మ ఫోన్‌లో ఏడుపొకటే తక్కువ. నాకైతే ఒకపక్క గర్వం, ఇంకోపక్క దడ.

గట్ల మీద కాస్త గడ్డి, పొదలు ఉండనివ్వు. పక్షుల కోసం కట్టే ప్లాస్టిక్ వలలు వద్దు, పాములు చిక్కుకుని చస్తాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

జెర్రిపోతు సంగతి మాత్రం విను. మా పక్కపొలం ఆయన మంచి రైతే, కానీ పొడుగ్గా కనిపించిందల్లా ఆయనకి తాచే. ఓసారి రెండు జెర్రిపోతులు పెనవేసుకుని లేస్తే, నాగుపాముతో జతకడుతోందంటూ రెండిటినీ కొట్టించాడు. అది జతకట్టడం కూడా కాదే పిచ్చిదానా, అలా లేచేవి చాలాసార్లు కుస్తీ పడే రెండు మగపాములు, పైగా జెర్రిపోతుకి విషమే లేదు. అలా కనిపించినదాన్నల్లా కొట్టించుకుంటూ పోయాడు, ఎలకలు పెరిగాయి, జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలకల మందు కలిపిన ఎర పెట్టాడు. మొదటిసారి బాగానే చచ్చాయి. కొంచెం తిని బతికినవి ఉంటాయి చూడు, అవి ఆ ఎరని మళ్లీ ముట్టవు. ఎలక మూడు వారాలు మోసి అరడజను, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పిల్లల్ని పెడుతుంది, కొన్ని నెలలకే ఆ పిల్లలూ తల్లులే. గుడ్లగూబ బయట తిరిగే ఎలకనే పట్టగలదు. బొరియలోకి దూరి గూట్లో పిల్లల్ని మింగాలంటే పాములాంటి సన్నటి ఒంటికే సాధ్యం.

అలాగని ఎలకలన్నిటినీ పామే ఖాళీ చేస్తుందనుకోకు. అది ఒకసారి కడుపునిండా తింటే రోజుల తరబడి మళ్లీ వేటకి పోదు. గుడ్లగూబ, గద్ద, ముంగిస కూడా ఉండాలి, వాటిలో కొన్నిటికి పామే తిండి. కట్లపామైతే తోటి పాముల్ని కూడా తింటుంది. అలా పాముల్ని అదుపులో పెట్టేవి లేనిచోట పామే చీడ: రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో సరుకులతో పాటు పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవికి చేరిన పరాయి చెట్టుపాము అక్కడి అడవి పక్షుల్ని దాదాపు తుడిచిపెట్టేసింది.

ఇక నా టెన్షన్. ఎలక గింజ కోసం వస్తుంది, పాము ఎలక కోసం వస్తుంది. ధాన్యం పడకగదిలో పెట్టావో, నేనే వచ్చి నాలుగు తంతాను. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేలమీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది, చాలామందికి నొప్పి కూడా తెలీదు. మంచం మీదే పడుకో, దోమతెర అంచులు పరుపు కింద దోపుకో తల్లీ. చీకట్లో టార్చి, కాళ్లకి బూట్లు. కరిస్తే కోయడం, తాడు బిగించడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు, ఆ కాలుగానీ చెయ్యిగానీ కదపకుండా వెంటనే ఆసుపత్రికి. ప్రపంచంలో ఏటా 81 వేల నుంచి 1.38 లక్షల మంది పాముకాటుతో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో బతికేవాళ్లే.

విరుగుడు ఇంజెక్షన్ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో ఉందో, రాత్రిపూట డాక్టరు ఉంటారో లేదో ఇవాళే కనుక్కుని నాకు మెసేజ్ పెట్టు. అది వచ్చేదాకా మీ అమ్మకి నేను సర్దిచెప్పను.

మీ పెద్దమ్మ