థాలమస్ గడ్డకు లేజర్: అడిగేముందు ఏ లేజరో తేల్చుకోండి

చిత్తూరు నుంచి అడిగారు: మామగారికి థాలమస్‌లో, అంటే మెదడు లోతున ఉండే భాగంలో, 2.5 సెం.మీ. గడ్డ, ఆపరేషన్ కుదరదన్నారు, వీడియోలో చూసిన లేజర్ వైద్యం తిరుపతిలోనో వేలూరులోనో చేయించవచ్చా అని.

మన వైపు కోత లేని వైద్యం ఏదైనా లేజరే అనేస్తారు. గామా నైఫ్, సైబర్‌నైఫ్ రెండూ రేడియేషన్. పుర్రెకు రంధ్రం పెట్టరు, ఫలితం తెలియడానికి వారాలు, నెలలు పడుతుంది. మీరు చూసిన వీడియోలోది లిట్, అంటే లేజర్ ఇంటర్‌స్టిషియల్ థర్మల్ థెరపీ. లేజర్ వేడితో గడ్డను ఉన్నచోటే ఉడికించేస్తారు. ఫోన్‌లో "లేజర్ ఉందా" అంటే ఉందనే అంటారు. "లిట్ చేస్తారా, ఎంఆర్ఐలో వేడి కొలుస్తూ చేస్తారా" అని అడగండి. అన్ని పెద్దాసుపత్రుల్లోనూ ఉండదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి న్యూరోసర్జరీ ఓపీలో చూపించి, ఎక్కడికి రాస్తారో అడగడం మేలు.

మత్తిచ్చి, తలను ఫ్రేమ్‌లో బిగించి, పుర్రెలో 3–4 మి.మీ. రంధ్రం చేస్తారు. అందులోంచే బయాప్సీ ముక్క తీసి, పెన్సిల్ కంటే సన్నటి లేజర్ కడ్డీ (ప్రోబ్) దించుతారు. ఎంఆర్ఐ కొన్ని సెకన్లకో బొమ్మ తీసి ఎక్కడ ఎంత వేడెక్కిందో చూపిస్తుంది. 43 డిగ్రీల వేడి పది నిమిషాలుంటే కణాలు చస్తాయి, 60 దాటితే అక్కడికక్కడే. 100 దాకా పోతే కణజాలం మాడి బొగ్గవుతుంది, వేడి ముందుకు పాకదు. అందుకే ప్రోబ్ కొనను సెలైన్‌తోనో గ్యాస్‌తోనో చల్లబరుస్తూ ఉంటారు. పక్కనే పెద్ద రక్తనాళముంటే వేడిని అదే లాక్కుపోతుంది, ఆ అంచున గడ్డ మిగిలిపోవచ్చు.

సైజు ఒక్కటే చూస్తే మీది అనుకూలమే, 3 సెం.మీ. లోపలే ఉంది. అసలు చిక్కు థాలమస్ పక్కనే పోయే ఇంటర్నల్ క్యాప్సూల్‌తో. కాలూచేయీ కదిపే నరాలదారి అది. "గడ్డ అంచుకూ దానికీ ఎంత దూరం?" నా లెక్కలో సర్జన్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. వేడి అటు పాకినా, వాపు వచ్చినా ఒక పక్క బలహీనపడుతుంది. వాపు వల్లయితే చాలావరకు తగ్గొచ్చు, కాలితే అంతే. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్ భయాలూ ఉన్నాయి.

వెళ్లేటప్పుడు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ సీడీ, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు, ఇదివరకే బయాప్సీ అయ్యుంటే స్లైడ్లు, ఆ ముక్కను దాచిన మైనపు బ్లాకు పట్టుకెళ్లండి. ఫిల్మును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే దాంతో ప్లానింగ్ జరగదు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సొంతంగా ఆపొద్దు, ఎన్నిరోజుల ముందు ఆపాలో వాళ్లే చెప్తారు. వైద్యసేవ కార్డు ఉంటే ఇది ప్యాకేజీలో వస్తుందో రాదో అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడగండి.

చాలామంది ఒకట్రెండు రోజుల్లో ఇంటికొస్తారు. మొదటి వారాల స్కానింగ్‌లో గడ్డ పెద్దదైనట్టే కనిపిస్తుంది. చాలాసార్లు అది కాలిన చోటు, చుట్టూ వాపు. పెరిగిందా లేదా అన్నది తర్వాతి స్కాన్లతో పోల్చి చెప్పాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు డెక్సామెథసోన్‌ను రాసినట్టే మెల్లగా తగ్గించాలి. తలనొప్పి తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేస్తే వాపు తిరగబెడుతుంది. ఈ మందుతో షుగర్ కూడా పెరుగుతుంది, గ్లూకోమీటర్ దగ్గరుంచుకోండి. లేపినా లేవనంత మగత, వాంతులు, ఫిట్స్, కుట్టు దగ్గర చీము, ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, చేసిన చోటికి అక్కణ్ణుంచే ఫోన్ చేయించండి.