ఫోనులో సరేనంటే తీర్మానమవుతుందా?

ప్రశ్న: మాది విశ్రాంత ఉద్యోగుల నివాస సముదాయం. తొమ్మిదిమంది పాలకమండలిలో నేనూ సభ్యుణ్ణి. లిఫ్టుల నిర్వహణ కాంట్రాక్టు గురించి కార్యదర్శి ఒక్కొక్కరికీ ఫోను చేసి సమ్మతమేనా అని అడిగారు. అయిదుగురు సరేనన్నారట. మర్నాటికల్లా ‘పాలకమండలి తీర్మానించింది’ అంటూ నోటీసు పెట్టేశారు. కాంట్రాక్టు దక్కింది అధ్యక్షులవారి అల్లుడికి. అదేమిటంటే, ‘ఈ వయసులో మనకు తగువులెందుకండీ’ అంటున్నారు. ఇది చెల్లుతుందా?

జవాబు: మీ నిబంధనావళిలో గానీ, మీకు వర్తించే చట్టంలో గానీ ఫోను సమ్మతికి స్పష్టమైన వీలుంటే తప్ప చెల్లదు. ముందు ఆ నిబంధనావళి తెప్పించుకుని చదవండి. అడిగితే బీరువా తాళం కనబడదంటారు, అయినా వదలకండి.

అమెరికా సైన్యంలో ఇంజనీరైన హెన్రీ రాబర్ట్ 1876లో రాసిన సభా నియమాలను సవరించుకుంటూ ఇప్పటికీ ఎన్నో సంఘాలు వాడుతున్నాయి. డజనుమందికి మించని బోర్డులకు వాటిలో బోలెడు సడలింపులున్నాయి. కూర్చునే మాట్లాడవచ్చు, ప్రతిపాదనను మరొకరు బలపరచనక్కర్లేదు, అధ్యక్షుడూ ఓటు వేయవచ్చు. ఇంత ఉదారంగా ఉన్న నియమాలు కూడా విడివిడిగా పోగుచేసిన సమ్మతిని మాత్రం బోర్డు నిర్ణయంగా ఒప్పుకోవు. కారణం మీ వ్యవహారంలోనే ఉంది. ఆ అయిదుగురూ విన్నది కార్యదర్శి మాట ఒక్కటే. అందరూ ఒకచోట కూర్చుని ఉంటే, ‘మిగతా కొటేషన్లు ఏవి?’ అని ఎవరో ఒకరు అడిగేవారు. ఆ ప్రశ్నతో ఇద్దరైనా మనసు మార్చుకునేవారేమో.

వచ్చే సమావేశం అజెండాలో ఈ కాంట్రాక్టును చేర్చమని కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. కోరం (నిబంధనల ప్రకారం ఉండాల్సిన కనీస హాజరు) ఉన్న సమావేశంలో చర్చించి ఆమోదిస్తే, అప్పుడది బోర్డు నిర్ణయమవుతుంది. ఆమోదించకపోతే సంతకం పెట్టినవారే సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ అంశం వచ్చినప్పుడు అధ్యక్షులు బంధుత్వాన్ని వెల్లడించి, కుర్చీని ఉపాధ్యక్షులకు అప్పగించి, ఓటుకు దూరంగా ఉండడం మర్యాద. చాలా నిబంధనావళుల్లో అది విధి కూడా. అల్లుడైనంత మాత్రాన పనివాడు కాకపోడు. అతని ధర, అనుభవం మిగతావాళ్లతో పోల్చి చూశారా అన్నదే అడగండి.

తగువు మాటంటారా? లిఫ్టు ఆగిపోయి మెట్లెక్కలేనివారు కింద చిక్కుకుపోతే జవాబు చెప్పాల్సింది మీ తొమ్మిదిమందీ. అంతా విన్నాక కూడా మీకు ఒప్పుదల కాకపోతే వ్యతిరేకంగా ఓటు వేసి, మీ పేరుతో మినిట్స్‌లో (సమావేశంలో జరిగినదాన్ని రాసిపెట్టే పుస్తకంలో) నమోదు చేయమని అక్కడికక్కడే కోరండి. తర్వాతి సమావేశంలో ఆ మినిట్స్‌ను చదివి చూసుకోకుండా ఆమోదించకండి.